పాత మెత్త మీద కొత్త బట్ట

ఉప్పలయ్య పేరు తలుచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది, ఏడుపు తర్వాత వస్తుంది. అడగని మేలు చేసే మనుషులంటే నాకు మొదటి నుంచీ ఒళ్లుమంటే. ఆ మాట ఆయన ముఖం మీదే ఎన్నోసార్లు అన్నాను. వింటేనా? నవ్వేసి మిషను తొక్కుకునేవాడు.

నారాయణగూడ నుంచి చిక్కడపల్లి వైపు వస్తుంటే ఒక సందు మొదట్లో మా రెండు దుకాణాలూ పక్కపక్కనే ఉంటాయి. నా పేరు మహేశ్వరి. చీరలకు ఫాల్ వేస్తాను, పీకో చేస్తాను. ఉప్పలయ్యది బండి సీట్లు కుట్టే దుకాణం. మధ్యలో ఉన్నది ఒక రేకు గోడ. అటు తుమ్మితే ఇటు నేను చిరంజీవ అనాల్సిందే. ఆయన ఇల్లు రాంనగర్‌లో. భార్య పెంటమ్మ, ఒక్కగానొక్క కొడుకు కరుణాకర్.

సూర్యాపేట అవతల ఏదో పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చి, కోఠిలో ఒక సీట్ల మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాడు ఉప్పలయ్య. ఆ మేస్త్రీ కుళ్లిన సరుకు మీద కొత్త రెగ్జిన్ వేసి జనాన్ని మోసం చేసేవాడట. అది చూసి చూసి రోసిపోయి, సొంత దుకాణం పెట్టుకున్ననాడే ఈయన ఒక పట్టు పట్టాడు. పాత మెత్త మీద కొత్త బట్ట వేయడు. అంతే.

మెత్త అంటే సీటు లోపలి స్పాంజి. ఎవరైనా చిరిగిన సీటు తెచ్చి "పైన కవరు మార్చు చాలు" అంటే బుద్ధిగా తలూపుతాడు. వాళ్లు అటు వెళ్లగానే విప్పి చూస్తాడు. లోపలి స్పాంజి అణిగిపోయి ఉంటే తీసి పారేసి కొత్తది పెడతాడు. దానికి పైసలడగడు. మార్చానని చెప్పడు కూడా. ఆ మనిషి బండెక్కి కూర్చుని, "అబ్బ, ఏం మెత్తగుంది!" అని వెనక్కి తిరిగి చూస్తే అదే ఈయనకు పండగ.

"చెప్పి చెయ్యరాదా అన్నా? గాళ్లకన్న ఎరికుంటది," అనేదాన్ని.

"చెప్తే పైసలిస్తరు చెల్లె. ఇస్తే నాకేం మజా ఉంటది?"

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం!

కరుణాకర్ గవర్నమెంటు ఉద్యోగం కోసం అశోక్‌నగర్ కోచింగుల చుట్టూ తిరిగాడు. చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని కళ్లు పోయేలా చదివాడు. వాయిదా పడ్డ పరీక్షే మళ్లీ వాయిదా పడుతుంటే పిల్లవాడు నవ్వడం మానేశాడు. ఒక సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నిలబడి హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు చూశాడు. మర్నాడు వెళ్లి అక్కడే పడవలు కడిగే పనికి కుదిరాడు. తాళ్లు కట్టడం, తెరచాప ఎత్తడం, గాలిని బట్టి పడవను తిప్పడం నేర్చుకున్నాడు. ఉప్పలయ్య మొదట నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. కొడుకు ముఖంలో మళ్లీ నవ్వు కనబడ్డాక ఊరుకున్నాడు.

అనుదీప్ అతనికి పరిచయమైంది అక్కడే. అశోక్‌నగర్‌లో ఉండే కంప్యూటర్ ఉద్యోగి. భార్య నవత స్కూల్లో టీచరు. అనుదీప్‌కు పడవల పిచ్చి. చెరువు చాలక, స్నేహితుడు అనురాగ్‌తో కలిసి కాకినాడ వైపు ఒక సముద్రపు పాయ ఒడ్డున పాత తెరచాప పడవ కొని పెట్టుకున్నాడు. సెలవు దొరికితే కరుణాకర్‌ను వెంటబెట్టుకుని రైలెక్కేవారు. పిచ్చి అన్నాను కానీ ఆయన నిర్లక్ష్యపు మనిషి కాదు. గాలి ఎటుందో, పోటు ఎప్పుడో చూసుకోకుండా తాడు విప్పడు. పడవలో ఉన్నంతసేపు ఎవరూ ఒంటి మీది లైఫ్ జాకెట్ తీయకూడదు, ఎండ మండిపోతున్నా సరే. ఆ విషయంలో ఎవరి మాటా వినడని కరుణాకర్ మా దగ్గర గొప్పగా చెప్పేవాడు.

ఆ అనుదీపే ఒకరోజు నాలుగు పాత లైఫ్ జాకెట్లు తెచ్చి ఉప్పలయ్య ముందు పెట్టాడు. పైబట్ట ఎండకు పేలికలైంది. పట్టీలు తెగిపోయాయి.

"పైబట్ట, పట్టీలు మార్చండి చాలు. లోపలిది ముట్టుకోకండి," అన్నాడు. నా చెవులతో విన్నాను.

ఉప్పలయ్య బుద్ధిగా తలూపాడు.

విప్పితే లోపల తెల్లటి పలకలున్నాయి. అట్టల్లా గట్టిగా, అంచులు రాలుతూ ఉన్నాయి. ఒకదాన్ని వంచి చూస్తే పుటుక్కున విరిగింది. ఆయన ప్రాణం విలవిల్లాడింది. "అయ్యో, గీ చెక్కముక్కలు కట్టుకొని పొద్దంత ఎట్ల ఉంటరు పిలగాండ్లు? మెడలు ఒరుసుకపోవా?" అన్నాడు. ఒక ముక్కను మిషను కాలి కింద ఎత్తుకు పెట్టుకుని మిగతావి చెత్తబండిలో వేశాడు. తన దగ్గరున్న వాటిలోకెల్లా మంచి స్పాంజి కోసి అన్నింటిలో పెట్టాడు. కారు బెల్టు పట్టీ కొనుక్కొచ్చి నైలాన్ దారంతో రెండు వరసలు వేశాడు. ఎద్దులు లాగినా ఊడని కుట్టు అది. కరుణాకర్ వేసుకునే దాంట్లో స్పాంజి రెండు పొరలు పెట్టాడు, కొడుకు కాబట్టి.

మూడు అయ్యాయి. నాలుగోదానికి బకిల్ దొరకలేదు. వెళ్లేది ముగ్గురమే కదా అని అనుదీప్ మూడూ పట్టుకుపోయాడు. పట్టీలు గుంజి చూసి, "భలే గట్టిగా కుట్టారు ఉప్పలయ్య గారూ," అని భుజం తట్టాడు. నాలుగోది దుకాణంలో మేకుకు వేలాడుతూ ఉండిపోయింది.

బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో చెబుతున్న రోజులవి. పడవ ఆ పాయలో ఉంటే గాలికి ముక్కలవుతుందని, వాయుగుండం వచ్చేలోగా తీసుకెళ్లి రేవులో భద్రంగా కట్టేయాలని ముగ్గురూ హడావుడిగా కాకినాడ వెళ్లారు. ఇక్కడ మనకూ రాత్రంతా వాన కొట్టింది. పొద్దున్నే వచ్చి షట్టర్లు ఎత్తాం. ఉప్పలయ్య దుకాణం రేకులు సరిగ్గా ఆ మేకు మీదే కారాయి. ఆయన జాకెట్‌ను తీయబోతే మేకు కూడా ఊడి వచ్చింది. జాకెట్ ధబ్బున కిందపడి, అందులోని నీళ్లు నా గడప దాకా వచ్చాయి.

"ఏందన్నా, బర్రెదూడను కట్టేసినవా లోపట?" అని ఎగతాళి చేశాను.

ఆయనా నవ్వాడు. నవ్వుతూనే దాన్ని ఎత్తి పిండాడు. పిండుతున్నకొద్దీ నీళ్లు కారుతూనే ఉన్నాయి. పిండుతున్నవాడు ఉన్నట్టుండి ఆగిపోయాడు. నా గుమ్మం ముందున్న నీళ్ల డ్రమ్ములో దాన్ని వేశాడు. అది నాలుగు బుడగలు వదిలి మెల్లగా అడుక్కు దిగిపోయింది. ఒక్క పరుగున లోపలికి వెళ్లి, మిషను కాలి కింది పాత పలకముక్క లాక్కొచ్చి డ్రమ్ములో పడేశాడు. అది తేలింది. వేలితో అడుగు దాకా నొక్కాడు. మళ్లీ పైకి లేచింది.

"చెల్లె," అన్నాడు. "గిది కూసునేటందుకు కాదు. తేలేటందుకు."

"కరుణాకర్‌కు ఫోన్ చెయ్యి," అని అరిచాను. చేశాడు. అందడం లేదంది. అనుదీప్‌కు చేస్తే అదీ అంతే. ఆయన ఆ తడి నేల మీదే కూలబడి, ఫోన్‌ను నొక్కుతూనే ఉన్నాడు.

"లే అన్నా! కూసుంటే ఎట్లైతది? నవతమ్మ ఇంటికి పోదాం నడువు!"

ఆటో ఎక్కాం. ఆ తడి జాకెట్‌ను వదలకుండా ఒళ్లో పెట్టుకున్నాడు. అది సీటంతా తడిపేస్తోందని డ్రైవరు గొణిగాడు. నువ్వు ముందు చూసి నడుపు అని కసిరాను. చిక్కడపల్లి చౌరస్తాలో బండ్లన్నీ ఇరుక్కుపోయాయి. గొడుగులు పట్టుకుని పుస్తకాలతో కోచింగులకు పోయే పిల్లలు ఆటోల మధ్య నుంచి దారి చేసుకుంటున్నారు. ఉప్పలయ్య వాళ్లను ఒక్కొక్కరినీ చూస్తున్నాడు. "మా వాడు గూడ గిట్లనే పోతుండె," అన్నాడు. నేను ఆటోవాడినే ఇంకోసారి తిట్టాను.

నవత తలుపు తీసింది, చేతిలో చాయ్ కప్పుతో.

"వానలో ఇట్ల వచ్చారేంటి అక్కా? లోపలికి రండి. వాళ్లు పొద్దున పోటు మీదే పాయలోంచి బయటికి వెళ్లిపోయారు. ఆటు మొదలైతే పాయ సముద్రంలో కలిసే మొగలో నీళ్లు తీసేస్తాయంట, పడవకు లోతు చాలదంట. అందుకే చీకటితోనే బయలుదేరారు," అంది. మా ముఖాలు చూసి మళ్లీ తనే అంది. "ఏం కాదు అంకుల్. గాలి రేపటికి గాని రాదన్నారు. అయినా జాకెట్లు ఉన్నాయి కదా, మీరే కుట్టినవి."

ఉప్పలయ్య లోపలికి వచ్చాడు. చేతిలో ఉన్న జాకెట్‌ను ఆమె హాలు నడుమ పెట్టాడు. తెల్లటి బండల మీద నీళ్లు నాలుగు వైపులా పాకాయి. నేనే చెప్పాను. ఎట్లా చెప్పానో ఇప్పటికీ తెలియదు.

ఆమె ఏడవలేదు, అరవలేదు. కప్పు కింద పెట్టి ఫోన్ తీసింది. సముద్రంలో ఆపద వస్తే చేయాల్సిన నాలుగంకెల నంబరును అనుదీప్ ఆమెతో బట్టీ పట్టించాడట. తీర రక్షక దళం అధికారి ఎత్తాడు. పడవ ఏ రంగు, ఎక్కడ బయలుదేరింది, ఎటు పోవాలి, ఎంతమంది ఉన్నారు అని అడిగాడు. అన్నింటికీ జవాబు చెప్పింది. లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని అడిగేసరికి ఆమె ఉప్పలయ్య వైపు చూసింది. ఉప్పలయ్య ఫోన్ అందుకున్నాడు.

"ఉన్నయి సార్. గవి పనికిరావు. నేనే ఖరాబు చేసిన."

ఆ అధికారి నిదానంగా, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. గాలి అనుకున్నదానికంటే ముందే లేచింది. మా పడవను పంపుతాం, దగ్గర్లోని చేపల పడవలకూ చెబుతాం, రేడియోలో పిలుస్తూ ఉంటాం. ఈలోగా మీకు ఫోన్ కలిస్తే జాకెట్లు తీసేయమనండి. మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బాలు ఒంటికి కట్టుకోమనండి. పడవ తిరగబడినా సరే, దాన్ని పట్టుకునే ఉండమనండి. ఒడ్డు కనబడుతోంది కదా అని ఎవరూ ఈతకు దిగొద్దు.

మేం ముగ్గురం మూడు ఫోన్లతో ఆ ముగ్గురికీ చేస్తూ కూర్చున్నాం. అందడం లేదు, అందడం లేదు. ఆ మాట చెప్పే ఆడగొంతు పీక పిసకాలనిపించింది నాకు. ఉప్పలయ్య ఆగకుండా, "రెండు పొరలు పెట్టిన చెల్లె, మా వాని దాంట్ల రెండు పొరలు పెట్టిన," అంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ముట్టుకోవద్దన్నడు కదా ఆ పిలగాడు! ఎందుకు ముట్టినవ్? నిన్నెవరడిగిన్రు?" అని ఆ ఇంట్లోనే, నవత ముందే అరిచేశాను. ఆయన తల దించుకున్నాడు.

అప్పుడు మోగింది ఆయన ఫోన్. కరుణాకర్. నవత లాక్కుని స్పీకర్ పెట్టింది. గాలి హోరు తప్ప ముందు ఏమీ వినబడలేదు.

"నాయినా! చుక్కాని ఇరిగిపోయింది. రేవు దాక పోలేకపోయినం. ఎనుకకు మళ్లినంగని పాయ మొగల నీళ్లు లెవ్వు, అలలు ఇరుచుకపడుతున్నయి. ఒడ్డు కనవడుతున్నది. లంగరేసినం, పోటు వచ్చేదాక ఆగుతం. నువ్ పరేషాన్ గాకు. నువ్ కుట్టిన జాకెట్ ఏసుకున్న."

ఉప్పలయ్య ఫోన్ మీదికి వంగాడు. "ఇప్పు బిడ్డా. ఇప్పు దాన్ని."

"ఏంది నాయినా?"

"లోపట స్పాంజి పెట్టిన. నీళ్లు తాగుతది. నిన్ను కిందికి గుంజుతది. నేనే పెట్టిన బిడ్డా, నేనే. ఇప్పు. నీళ్ల డబ్బా కట్టుకో. పడవ ఇడువకు."

హోరు. మళ్లీ హోరు. అందులోంచి, "సరే నాయినా," అని వినబడింది. ఎందుకని అడగలేదు పిల్లవాడు. ఆ ఒక్క మాటకు నాకు ఏడుపు ఆగలేదు.

"అనుదీప్‌కివ్వు!" అని నవత అరిచింది.

అనుదీప్ గొంతు వచ్చింది. ధైర్యంగానే ఉంది. "నవతా, భయపడకు. లంగరు పట్టింది. వీడేంటి జాకెట్ విప్పేస్తున్నాడు? ఇలాంటప్పుడు విప్పితే చచ్చినట్టే."

"విప్పు! నువ్వూ విప్పు! లోపల స్పాంజి మార్చారంట!"

"ఎవరు చెప్పారు? లోపలిది ముట్టుకోవద్దని నేనే చెప్పాను. ఆయన మాట తప్పే మనిషి కాదు."

"ముట్టుకున్న సార్!" ఉప్పలయ్య గుండెలు బాదుకుంటూ కేకపెట్టాడు. "ముట్టుకున్న! ముట్టుకున్న!"

అప్పటికే ఫోన్ తెగిపోయింది.

ఎంత విన్నాడో, ఏం విన్నాడో ఎవరికి తెలుసు? మళ్లీ చేస్తే కలవలేదు. మధ్యాహ్నమైంది, దాటింది. ఎవరూ నీళ్లు కూడా ముట్టలేదు. నవత గోడకు ఆనుకుని ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది. ఉప్పలయ్య నేల మీద కూర్చుని ఆ నాలుగో జాకెట్‌ను పిండుతూనే ఉన్నాడు, ఎండిపోతే ఆ మూడూ బాగుపడతాయన్నట్టు. పెంటమ్మ నాలుగుసార్లు ఫోన్ చేసింది. పని మీదున్న అని చెప్పి పెట్టేశాడు. కిటికీ బయట వాన తగ్గిందని నేను సంబరపడ్డాను. ఇక్కడ తగ్గితే అక్కడేం లాభం, నా పిచ్చి కాకపోతే!

పొద్దు వాలుతుండగా తెలియని నంబరు నుంచి ఉప్పలయ్యకు ఫోన్ వచ్చింది.

"నాయినా, నేనే. ఒడ్డుకొచ్చిన. చేపలోళ్ల పడవ గుంజింది."

ఉప్పలయ్య లేచి గంతేశాడు. ఫోన్‌ను ముద్దు పెట్టుకున్నాడు, నన్ను పట్టుకుని ఊపేశాడు. "నా కొడుకు బతికిండు! చెల్లె, నా కొడుకు బతికిండు!" అని ఆ హాలంతా దద్దరిల్లేలా నవ్వాడు, ఏడ్చాడు. నేనూ నవ్వాను. నవత కూడా లేచి రెండు చేతులూ జోడించి నిలబడింది. ఆమె ముఖంలోనూ నవ్వు ఉంది. తర్వాతి పేరు కోసం చూస్తోంది.

"మరి అనుదీప్?" అని అడిగింది.

అవతల కరుణాకర్ ఏడుపు మొదలైంది.

లంగరు తాడు తెగిందట. అలలు పడవను పాయ మొగ మీదికి తెచ్చి తిరగేశాయట. కరుణాకర్ మాట విని అనురాగ్ జాకెట్ తీసేశాడు. ఇద్దరూ డబ్బాలు కట్టుకుని పడవ అంచు పట్టుకుని వేలాడారు. అనుదీప్ తీయలేదు. నీళ్లలో పడ్డాక, తనను తేల్చాల్సింది బరువెక్కుతుంటే అప్పుడు అర్థమై బకిల్ కోసం వెతుక్కున్నాడట. పట్టీ తడిసి బిగుసుకుపోయింది. కరుణాకర్ ఒక చేత్తో పడవను, ఒక చేత్తో ఆయన్ను పట్టుకున్నంతసేపు పట్టుకున్నాడు.

"ఎడమచేతితోని పట్టీని గుంజిన వదినా. కుట్టు ఊడలే," అన్నాడు.

మర్నాడు చేపలవాళ్లు ఆయన్ను ఒడ్డుకు తెచ్చి, ఆ పట్టీలను కత్తితో కోశారు.

ఉప్పలయ్య తనంతట తానే పోలీసుల దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ కేసు ఇంకా నడుస్తోంది. కరుణాకర్ తిరిగొచ్చాడు. తండ్రితో మాట్లాడతాడు, తండ్రి పక్కనే కూర్చుని తింటాడు, కానీ ఎడమచేతి వేళ్లను ఎప్పుడూ ముడుస్తూ తెరుస్తూ ఉంటాడు. దుకాణం చాలా రోజులు తెరవలేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా అని పెంటమ్మ బతిమాలితే మళ్లీ తెరిచాడు. నేను మునుపటిలా ఎగతాళి చేయలేదు. రేకు గోడకు అటు ఆయన, ఇటు నేను, రెండు మిషన్ల చప్పుడే మా మాటలు.

ఒకరోజు నవత స్కూటర్ తోసుకుంటూ వచ్చింది. అనుదీప్ బండి. సీటు మధ్యలో నిలువునా చిరిగింది. ఆమెను చూడగానే ఉప్పలయ్య స్టూలు మీద నుంచి లేచి, గోడకు అతుక్కుపోయినట్టు నిలబడ్డాడు.

"పైన కవరు మార్చండి చాలు," అంది నవత. "లోపలిది ముట్టుకోకండి."

నేను సూది పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చాను. ఉండబట్టలేక అడిగాను. "ఇంకో దుకాణం లేదా తల్లీ నీకు?"

"అడిగాను అక్కా. అందరూ స్పాంజి పాడైపోయింది, మార్చాల్సిందే అంటున్నారు. ఆయన కూర్చున్న గుంట అందులో అట్లనే ఉంది. అది నాకు కావాలి." ఉప్పలయ్య వైపు చూసింది. "ఈసారి ఈయన ముట్టుకోరు."

ఆయన తలూపలేదు. "ముట్టుకోను తల్లీ," అని నోటితో చెప్పాడు.

ఆమె కూర్చోకుండా అక్కడే నిలబడి చూసింది. ఆయన సీటు విప్పాడు. లోపల స్పాంజి పసుపెక్కి, నలిగి, ఒక పక్కకు అణిగి ఉంది. నడుమ మనిషి కూర్చున్న గుంట. దాన్ని చూడగానే ఆయన కత్తెర కింద పెట్టేశాడు. నేను వెళ్లి రెగ్జిన్ అంచు పట్టుకున్నాను. కొత్త స్పాంజి మీద బిగించడం ఆయనకు ఎడమచేతి పని. ఆ గుంట చెడకుండా, దాని మీద బట్ట సర్ది కుట్టడానికి మధ్యాహ్నమంతా పట్టింది. బతుకులో మొదటిసారి పాత మెత్త మీద కొత్త బట్ట వేశాడు.

నవత బండెక్కి కూర్చుంది. చేత్తో సీటు అంచు ఒకసారి తడిమి చూసుకుంది. బండి స్టార్ట్ చేసి అశోక్‌నగర్ వైపు వెళ్లిపోయింది, వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఉప్పలయ్య రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు.